‘బెంగ’ ఒక్క మాటేనా?

మనస్తత్వశాస్త్రం పాఠం ఒకటి తెలుగులో రాస్తూ ‘రిడక్షనిజం’ దగ్గర ఆగిపోయాను. ‘క్షయకరణం’ అందామంటే అది కెమిస్ట్రీలో ఆక్సీకరణానికి జోడీ. ‘న్యూనీకరణవాదం’ పిల్లలకు నోరు తిరగదు. ‘కుదింపువాదం’ నాకు నచ్చింది. మనిషి ప్రవర్తనంతటినీ ఒక రసాయనానికో, ఒక అలవాటుకో కుదించి చెప్పడం కదా! దానికి ఎదురుగా, మనిషిని మొత్తంగా చూడాలనే హోలిజానికి ‘సమగ్రవాదం’ సరిపోతుంది.

ఉదాహరణ వెతుకుతుంటే ‘బెంగ’ తట్టింది. మా మేనకోడలికి మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ పురిటికని ఆసుపత్రిలో ఉంది. పిల్ల ముద్ద ముట్టలేదు, జ్వరం కూడా తగిలింది. మా అమ్మ దాని నుదురు తడిమి, “తల్లి మీద బెంగ పెట్టుకుందిరా” అంది. కోపం వస్తుంది, భయం వేస్తుంది. బెంగ మాత్రం పెట్టుకుంటాం, అదీ ఒకరి మీద. ఆకలి, ఒళ్ళు, మనసు, దూరమైన మనిషి, అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. ‘యాంగ్జైటీ’ అనేస్తే ఆ మనిషి జారిపోతుంది.

పాలిస్తుంది కాబట్టే బిడ్డకు తల్లి మీద ప్రేమ అని ఒకప్పుడు చాలామంది మనస్తత్వవేత్తలు చెప్పేవారు. అచ్చమైన కుదింపు అది. అమెరికాలో హ్యారీ హార్లో అనే మనస్తత్వవేత్త కోతిపిల్లల ముందు రెండు బొమ్మతల్లుల్ని పెట్టాడు. ఒకటి తీగలది, ఒకటి మెత్తటి గుడ్డది. పాలసీసా తీగబొమ్మకే ఉన్నా, పిల్లలు తాగేసి గుడ్డతల్లి దగ్గరికే పోయి కరుచుకునేవి. 1958లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పాలనూ స్పర్శనూ విడదీసి చూడబట్టే ఆ సంగతి తేలింది. అందుకే విడదీయడాన్ని నేను తప్పుపట్టను. విడదీసిన ముక్క ఒక్కటే మొత్తం అనడంతోనే నా పేచీ.

జవాబు: కరీంనగర్ వైపు మేము ‘రంది’ అంటమండీ. “కొడుకు మీద రంది పెట్టుకున్నది” అంటరు. ఇక్కడా ‘మీద’, ‘పెట్టుకొను’ రెండూ ఉన్నయి చూడండి.

జవాబు: ‘ఆధివ్యాధులు’ కూడా చేర్చండి. ఆధి మనసుది, వ్యాధి ఒంటిది. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టి, మళ్ళీ ఒకే సమాసంలో కూర్చారు.

నా జవాబు: రెండూ పాఠంలోకి తీసుకుంటున్నానండీ. ‘రంది’ వాక్యం మీరు రాసినట్టే, మీ యాసలోనే ఉంచుతాను.