ఒకే క్లాసులో అందరికీ భిన్నాలు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

టీచర్లకు నమస్కారం. ఐదో తరగతికి లెక్కలు చెబుతాను. కాగితం మడిచి చూపిస్తే 3/4, 6/8 ఒకటేనని కొందరు ఇట్టే పట్టేస్తారు. అదే బోర్డు మీద అంకెల్లో రాస్తే తడబడతారు. ఇంకొందరు లెక్క చేసేస్తారు గానీ, ఎందుకలా వచ్చిందో చెప్పలేరు.

చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని పిల్లల్ని విడదీయమని శిక్షణలో చెప్పారు. అలా విడదీసి పాఠం చెబితే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. నాకూ పిల్లల మీద అలాంటి ముద్ర వేయడం ఇష్టం లేదు. అందుకే బొమ్మ, మాట, అంకె మూడూ అందరికీ ఇస్తున్నా. కానీ ముందే అర్థమైనవాళ్లు విసుగెత్తిపోతున్నారు, మిగతావాళ్లకు టైం చాలడం లేదు.

ఒకే పీరియడ్‌లో ఇద్దరికీ పని ఎలా పంచుతారు? కాగితం నుంచి అంకెల్లోకి తీసుకెళ్లడానికి సంఖ్యారేఖ వాడినవాళ్లుంటే దయచేసి వివరంగా చెప్పండి.