ఘూకంబుల్ చెరలాడ: రకారమా, బండి ఱ నా?

అరసున్న:
కాటిసీను పద్యం ఒకటి నోట్లో నానుతోంది, వదలడం లేదు. "ఆకాశంబున కారుమబ్బుగము లాహారించె, దయ్యాలతో ఘూకంబుల్ చెరలాడసాగినవి..." దాకా సాఫీగా వస్తుంది, ఆపైన దారి తప్పుతుంది. మిగతాది ఎవరైనా అందిస్తే సంతోషం. కానీ అసలు గొడవ "చెరలాడ" దగ్గర. ఇందులో చెర ఏమిటి? సీతమ్మ చెరేనా? గూబలు దయ్యాలకు చిక్కాయనా, వాటితో ఆడుకుంటున్నాయనా? రకారమా, బండి ఱ నా?

రంగమార్తాండ:
బలిజేపల్లివారి హరిశ్చంద్ర కదా. ఆ సీనులో ఎవరు పాడినా వన్స్‌మోర్ పడాల్సిందే.

గణవిభజన:
నాటకం బలిజేపల్లిది, పద్యం జాషువాది. స్మశానవాటిక పద్యాలను నటులు కాటిసీనులోకి తెచ్చుకున్నారు. "ఇచ్చోటనే" కూడా ఆ కోవలోదే. ఇక్కడ ఇది తెలియనివారు ఉండరనుకున్నాను.

అరసున్నగారూ, ఛందస్సు మీకు ఏ సాయమూ చెయ్యదు. శార్దూలం రెండో పాదం విడదీయండి: ఘూకంబుల్ (మ), చెరలా (స), డసాగి (జ), నవివ్యా (స), ఘోషించె (త), నల్దిక్కు (త), లన్ (గ). నాలుగో గణం దగ్గర చాలామంది "వి"ని గురువు చేస్తారు, పక్కన "వ్యా" సంయుక్తం ఉంది కదా అని. అది వేరే పదం కనక "వి" లఘువే. ఊది పాడితే లయ అక్కడే విరుగుతుంది. ఇక "చెర"లో ర రాసినా ఱ రాసినా రెండూ లఘువులే. పైగా ఆ అక్షరం యతిస్థానంలోనూ లేదు, ప్రాసస్థానంలోనూ లేదు. యతి ఘూ-ఘో, పదమూడో అక్షరం. ప్రాస కకారం. మీ రకారానికి సాక్షి లేడు.

నిఘంటుమూషికం:
చెరలాడు అంటే క్రీడించడం, విహరించడం. చెరసాలది బండి ఱ, దీనిది మామూలు ర. రెండూ వేరు. దీంతో సరి.

అరసున్న:
సరి కాలేదండీ. అచ్చులో ఱ మాయమయ్యాక రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. చెరలాడులో ఉన్నది ర అనడానికి పాత పద్యంలో ప్రాసస్థానపు ప్రయోగం కావాలి. రేఫకూ శకటరేఫకూ (బండి ఱకూ) ప్రాస కలపని కవిది అయితే మరీ మంచిది. ఉందా మీ దగ్గర?

నిఘంటుమూషికం:
వెతుకుతాను.

పిల్లికళ్ళు:
నా మాట వినండి. ఇది చెలగాటానికి చుట్టం. ర, ల తారుమారు కావడం తెలుగులో కొత్తేమీ కాదు. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అన్నప్పుడు ఆటా ఉంది, వేటా ఉంది. రాత్రి తిరిగే జంతువు ఆడుతోందంటే ఎవరికో మూడిందనే. ఘూకాలు దయ్యాలతో "చెరలాడడం"లో ఆ భయం ఉంది. ఉత్త క్రీడ అంటే పద్యం చప్పబడిపోతుంది.

గణవిభజన:
చెలగాటం చెలగు ధాతువు మీంచి వచ్చింది, చెలగు + ఆట. అందులో గకారం ఉంది. మీ చెరలాడులో ఆ గ ఎక్కడికి పోయింది?

పిల్లికళ్ళు:
గూబ ఎత్తుకుపోయింది.

పైడికన్ను:
ఆడే గూబ ఏదో తేల్చకుండా వాదిస్తే ఎలా? "ఘూ" అన్న పేరే కూత. లోతుగా, ఆగి ఆగి రెండు విడతలుగా కూసేది కొమ్ముల పెద్ద గుడ్లగూబ. ఆ కొమ్ములు చెవులు కావు, ఈకల కుచ్చులు. పాడుబడ్డ కోటల్లో, గుళ్ళల్లో ఉండే తెల్లమొహం గూబ ఘూ అనదు, కీచుమని అరుస్తుంది, బుసకొడుతుంది. అరిచే దయ్యంగా జనం చెప్పుకున్నది ఎక్కువగా దాన్నే. చిన్న పైడికంటి గూబ ఘూ అనదు, కిచకిచలాడుతుంది. కాకపోతే చెరలాట దానికే నప్పుతుంది. మసక పడగానే జంట బయటికొస్తుంది. కొమ్మ మీద కూర్చుని తలను కిందికీ పైకీ, ఆ పక్కకూ ఈ పక్కకూ ఊపుతుంది. చూసేవాళ్ళకు వెక్కిరింపులా ఉంటుంది. నిజానికి దాని కళ్ళు గొట్టాల్లా గుంటల్లో బిగుసుకుపోయి ఉంటాయి, తిప్పలేదు. ఎర ఎంత దూరంలో ఉందో అంచనా కట్టాలంటే తలనే కదపాలి. మెడలో 14 వెన్నుపూసలు ఉండబట్టి తల దాదాపు 270 డిగ్రీలు తిరుగుతుంది.

ఇంకొకటి. రెక్క ముందంచు ఈకకు దువ్వెన పళ్ళలాంటి కొసలుంటాయి, వెనకంచు కుచ్చులా మెత్తగా ఉంటుంది. గాలి చీలిన చప్పుడు వినిపించదు. పావురం ఎగిరితే టపటపమంటుంది, గూబ మాత్రం చప్పుడు లేకుండా మొహం ముందుకు వచ్చేస్తుంది. దయ్యంతో జత కట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ప్రాసప్రియ:
పావురం అన్నారు కనక అడుగుతున్నా. ఋగ్వేదం పదో మండలం 165వ సూక్తంలో గూబ ఒంటరిగా లేదు, పక్కన పావురం ఉంది. "యదులూకో వదతి మోఘమేతత్", గూబ పలికింది వమ్మగుగాక అని. వెంటనే, పావురం నిప్పు దగ్గర కాలు మోపిందే, అదీ వమ్మగుగాక అని. ఇద్దరూ మృత్యువు పంపిన దూతలే. తరవాత పావురం శాంతికి గుర్తయి కూర్చుంది, గూబ మాత్రం కాటిలోనే ఉండిపోయింది. గూబ చెడ్డది కావడానికి వేదం ఒక్కటే కారణం అనేవాళ్ళు ఈ పావురాన్ని ఏం చేస్తారో చెప్పాలి.

నిఘంటుమూషికం:
అమరకోశంలో "ఉలూకే తు వాయసారాతిపేచకౌ" అంతే. కాకికి శత్రువు అన్నాడు తప్ప చావుపక్షి అనలేదు. దివాంధం, దివాభీతం, కౌశికం, ఘూకం కొన్ని ప్రతుల్లో అదనంగా కనిపిస్తాయి.

పైడికన్ను:
దివాంధం అన్న పేరే అన్యాయం. పగలు గూబకు కళ్ళు బాగానే కనిపిస్తాయి. ఎండలో కనుపాప సన్నబడుతుంది, రెప్పలు సగం వాలుస్తుంది. మనం గుడ్డిదనుకుంటాం. దివాభీతం కొంత నిజం. పగలు బయటపడితే కాకులు మూగి పొడుస్తాయి.

ప్రాసప్రియ:
ఆ అన్యాయాన్ని భర్తృహరి కూడా మోశాడు. గూబకు పగలు కనపడకపోతే సూర్యుడి తప్పేమిటి అన్నాడు. కానీ శంకరుల గీతాభాష్యం చూడండి, "యా నిశా సర్వభూతానాం" దగ్గర. రాత్రించరాలకు పగలే రాత్రి అవుతుంది కదా, అలాగే జ్ఞానికి మెలకువగా ఉన్నది మిగతావాళ్ళకు రాత్రి అని మొదలుపెడతారు. ఆ పోలికలో రాత్రించరాల చోట నిలబడ్డది అజ్ఞానులైన మనం. అక్కడ గూబను ఎవరూ తిట్టలేదు, చూపులో తేడాకు కొలబద్ద చేశారు. వైశేషికమనే తత్త్వశాస్త్రాన్ని ఔలూక్య (ఉలూకం పేరిటి) దర్శనం అనడం, కౌశికుడంటే ఇంద్రుడూ విశ్వామిత్రుడూ గూబా ముగ్గురూ కావడం కూడా గుర్తు పెట్టుకోండి. వంగదేశంలో లక్ష్మి పాదాల దగ్గర కూర్చునేది ఇదే.

పిల్లికళ్ళు:
భారతంలో సౌప్తికపర్వం మరిచారు. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల మీద గూబ పడి కొన్నిటి రెక్కలు, కొన్నిటి తలలు, కొన్నిటి కాళ్ళు తెంపేస్తుంటే అశ్వత్థామ చూశాడు. ఈ పక్షి నాకు ఉపదేశం చేసింది అన్నాడు. గురువంటే గురువే, చెప్పిన పాఠం అది. తిక్కన చేతిలో ఆ రాత్రి చదివితే ఘూకం పేరెత్తాలంటే జంకుతాం. ఇప్పుడు చెప్పండి, చెరలాట ఉత్త క్రీడేనా?

రంగమార్తాండ:
అయితే గూబ గుయ్యిమనడం కూడా దీని కూత మీంచి వచ్చిందే కదా?

నిఘంటుమూషికం:
ఆ గూబ చెవి. పక్షి గూబకు కన్నడంలో గూబె, తమిళంలో కూగై ఉన్నాయి. చెవి గూబను దానికి ముడిపెట్టడానికి కూత చాలదు, చెంపదెబ్బా చాలదు.

గణవిభజన:
పద్యం చివరికి వద్దాం, అక్కడ నిజంగా తేల్చదగిన అక్షరం ఒకటుంది. "...యిక్కాటియం / దాకల్లాడిన జాడలేదిచట సౌఖ్యంబెంత క్రీడించునో." స్టేజీ మీద పాదం చివర ఊపిరి తీసుకుని "దాకల్లాడిన" అని ఒక్క ముద్దగా ఎత్తుకుంటారు. కొందరు "ఆ కల్లాడిన" అని విడదీసి కల్ల అనే అర్థం లాగుతారు. అది కాటియందు + ఆకు + అల్లాడిన. ఆకు కూడా అల్లాడలేదని. రుజువు యతి. పదమూడో అక్షరం "ఖ్యం". దకారంతో దానికి పొత్తు కుదరదు. "దా"లోని ఆకారానికి ఖ్యలోని యకారంతో కుదురుతుంది. అంటే అక్కడ పదం ఆ తోనే మొదలు కావాలి. "ఆ కల్లాడిన"కూ యతి సరిపోతుంది, ఒప్పుకుంటాను, కానీ కల్లకు అక్కడ పొసిగే అర్థం లేదు.

ప్రాసప్రియ:
పై పాదాల్లో గూబలు, కాకోలాలు, దయ్యాలు ఒకటే గోల, ఇక్కడ ఆకు కదలదు. చివర "సౌఖ్యంబెంత క్రీడించునో" అంటున్నాడు, చూశారా, మళ్ళీ క్రీడ! చెరలాడడం క్రీడే. అక్కడ గూబలు ఆడాయి, ఇక్కడ సౌఖ్యం ఆడుతోంది. నా వరకు రకారమే, వేరే సాక్షి అక్కర్లేదు.

జనం భయపడే రాత్రి జీవిని జాషువా ఎప్పుడూ భయపెట్టడానికి వాడలేదు. 1941 నాటి గబ్బిలంలో పంపింది మేఘాన్నీ కాదు, హంసనూ కాదు. గుళ్ళో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి శివుని చెవి కాస్త దగ్గరవుతుందట. "పూజారి లేనివేళ" నా కథ చెప్పమంటాడు. పంపినవాడికి గుడిలోకి దారి లేదు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అపశకునం అని ఇంట్లోంచి తరిమే జీవిని ఖగరాజ్ఞి అని పిలిచాడు.

పైడికన్ను:
ఖగం అనడమే కాస్త ఇబ్బంది, అది పాలిచ్చే జంతువు. రహస్యం చెప్పి పంపడానికి మాత్రం సరైన దూత. పురుగుల్ని వేటాడే గబ్బిలాల కేకలు చాలావరకు 20 వేల హెర్ట్జ్‌కు పైనే ఉంటాయి, మన చెవి అక్కడితో ఆగిపోతుంది. పక్కనే పూజారి ఉన్నా వినపడదు.

అరసున్న:
అన్నీ బాగున్నాయి. నా ర, ఱ?

నిఘంటుమూషికం:
వెతుకుతున్నాను. ఈలోగా ఇంకో అనుమానం వచ్చింది. "వ్యాఘోషించె నల్దిక్కులన్ కాకోలమ్ములు" అన్నాడు. కాకోలం అంటే బొంతకాకి. కాకి రాత్రిపూట ఎందుకు కూస్తుంది?

పిల్లికళ్ళు:
గూబ పడితే కూయదూ? నిద్రచెట్టు మీద అలికిడైతే కాకులన్నీ ఒక్కసారి లేచి అరుస్తాయి. రెండు పాదాల్లో పంచతంత్రంలోని కాకోలూకీయం, అదే కాకుల గూబల పోరు, అంతా ఇమిడ్చాడు.

గణవిభజన:
అమరంలోనే కాకోలం విషం కూడా, కాలకూటం పక్కన.

పిల్లికళ్ళు:
విషం నాలుగు దిక్కులా ఘోషిస్తుందా అండీ?