మదర్ 3 ఇంగ్లీషులో వస్తుందని ఇంకా ఆశపడొచ్చా?

రాత్రిబండి:
2006 ఏప్రిల్‌లో జపాన్‌లో నింటెండో చేతి గేమ్ యంత్రం గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి వచ్చిన వీడియోగేమ్ ఇది. 2024 ఫిబ్రవరిలో నింటెండో స్విచ్ యంత్రానికున్న చందా సేవ స్విచ్ ఆన్‌లైన్‌లో పెట్టారు, అదీ జపాన్ జాబితాలో మాత్రమే. ఆ వార్త చూసి మనసు చివుక్కుమంది. అయినా అడగడం మానకూడదనే నేనంటాను. 2011లో అమెరికా అభిమానులు ఆపరేషన్ రెయిన్‌ఫాల్ అని మొదలుపెట్టి, అడిగీ అడిగీ 2012 ఏప్రిల్‌కి జెనోబ్లేడ్ అనే ఆటని తమ దేశానికి తెప్పించుకోలేదా?

పాతచిప్పు:
ఆ పోలిక కుదరదు అన్నా. జెనోబ్లేడ్ 2011 ఆగస్టుకే యూరప్‌లో ఇంగ్లీషులో అమ్ముతున్నారు, డబ్బింగ్‌తో సహా అంతా సిద్ధం. మొదటి మదర్ కూడా అంతే. 1990లోనే అనువాదం చేయించి పక్కన పడేశారు, దాన్నే 2015లో ఎర్త్‌బౌండ్ బిగినింగ్స్ పేరుతో బయటికి తీశారు. బీరువాలో ఉన్నవే వచ్చాయి. మదర్ 3కి ఉన్నదల్లా 2008 నాటి ఫ్యాన్ ప్యాచ్, అంటే అభిమానులే చేసిన అనువాదాన్ని ఆటకి అతికించే ఫైలు. దాన్ని ముందుండి నడిపిన క్లైడ్ మాండెలిన్ వృత్తిరీత్యా అనువాదకుడు. నింటెండో వాడుకుంటానంటే తన అనువాదం ఉచితంగా ఇస్తానని 2013లో చెప్పారు. ఇప్పటికీ ఆట రాలేదు. ఇంకెందుకు ఎదురుచూపులు? ప్యాచ్ వేసుకుని ఆడేయడమే.

గోదారిగట్టు:
మరి సెయ్‌కెన్ డెన్సెట్సు 3 సంగతేంటండీ? 1995 ఆట, 2019లో ట్రయల్స్ ఆఫ్ మానాగా ఇంగ్లీషులో వచ్చింది. 1994 నాటి లైవ్ ఎ లైవ్ 2022లో రీమేకై వచ్చింది. రెండింటికీ ముందే ఫ్యాన్ ప్యాచ్‌లున్నాయి. అవే లేకపోతే అన్నేళ్లు ఆ ఆటల్ని బయటి దేశాల్లో తలుచుకునేవాళ్లెవరు? ప్యాచ్ ఉంది కదా అని అడగడం ఆపేస్తే మాత్రం ఆ అవకాశం కూడా పోతుంది.

రాత్రిబండి:
ప్యాచ్‌తో నేనూ ఆడాను తమ్ముడూ. యుద్ధంలో వెనక మోగే పాట తాళానికి సరిగ్గా బటన్ నొక్కుతూ పోతే పదహారు దెబ్బలు పడతాయి. నా ల్యాప్‌టాప్‌లో శబ్దం వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చేది. ఎంత జాగ్రత్తగా కొట్టినా ఏడో ఎనిమిదో దగ్గర తెగిపోయేది. స్నేహితుడి దగ్గర జపాన్ క్యాట్రిడ్జ్‌తో ఆడితే రెండో రోజుకే పదహారూ పడ్డాయి. కానీ ఎవరేం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. తాళమూ మాటా రెండూ ఒకచోట కావాలి నాకు. డబ్బులిచ్చి కొనుక్కుంటాను, ఎంతైనా సరే.

పాతచిప్పు:
తాళం సంగతి నేను ఆలోచించలేదన్నా, అది నిజమే. నాకైతే ఆశ లేదు. అందుకే స్విచ్‌లో జపాన్ ఖాతా ఒకటి తెరిచాను. ఈ ఆటలో కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన కష్టమైన లిపి ఉండదు, హిరగానా, కటకానా అనే జపాన్ అక్షరమాలలు రెండూ వస్తే చాలు చదువుకోవచ్చు. రోజూ రాత్రి పక్కన నోటుపుస్తకం పెట్టుకుని ఒక్కో వాక్యం రాసుకుంటున్నాను. మొదటి అధ్యాయంలో వాన వెలిసి, అందరూ చలిమంట చుట్టూ చేరే చోటికి వచ్చాను.