సైతానును నమ్మకుండానే సైతానిస్టు ఎలా అవుతారు? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మాది గుంటూరు దగ్గర పల్లె, మూడు తరాలుగా చర్చికి వెళ్లే కుటుంబం. బోస్టన్‌లో ఎంఎస్ చదువుతున్న మా తమ్ముడు పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, నేను సైతానిక్ టెంపుల్‌లో చేరాను" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మకింకా చెప్పలేదు.

భయపడుతూనే చదవడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు విన్న రక్తబలులూ అవీ ఇందులో లేవు. 1966లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆంటన్ లావే పెట్టిన చర్చ్ ఆఫ్ సేటన్ వేరు, బోస్టన్ దగ్గర సేలం ఊళ్లో ఉన్న ఈ టెంపుల్ వేరు. రెండూ సైతాను నిజంగా ఉన్నాడని నమ్మవు. లావే "నేను" అన్నదానికే పెద్దపీట వేశాడు. ఈ టెంపుల్ వాళ్ల ఏడు సూత్రాల్లో మొదటిదేమో సాటి ప్రాణుల మీద దయ. 2019లో అమెరికా పన్నుల శాఖ దీన్ని చర్చిగా గుర్తించింది కూడా.

మరి దయే కావాలంటే ఆ పేరెందుకు? నాస్తికుడినంటే చాలదా? అది మనకు కొత్తేం కాదు, విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం ఎప్పటినుంచో ఉంది. అడిగితే, "పెత్తనానికి ఎదురు తిరిగినవాడి గుర్తక్కా అది" అంటాడు. ఆ మాట వెనక వాడికి మా చర్చిలో తగిలిన దెబ్బేదో ఉందేమోనని నా బెంగ. పదో తరగతిలో వాడు అడిగిన ప్రశ్నలకు అందరి ముందూ తిట్లే తిన్నాడు. నేనూ పక్కనే ఉండి నోరు మెదపలేదు.

అందులో ఉన్నవాళ్లు, ఉండి బయటికొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మిమ్మల్ని అటు లాగింది ఏంటి? వాడు దూరం కాకుండా ఎలా మాట్లాడాలి? అమ్మకు ఏ మాటతో మొదలుపెట్టాలి?