మనసు లోపల నడిచే నవలలు, కానీ ఆడమనిషి వైపు నుంచి... ఏమైనా చెప్తారా?

ఈమధ్య వరసగా పాత తెలుగు నవలలే చదువుతున్నా. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'తో మొదలుపెట్టా. సీతారామారావు మీద జాలి కన్నా చిరాకే ఎక్కువ కలిగింది, అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు, అది రచయిత గొప్పతనమే అనుకోవాలి. తర్వాత రావిశాస్త్రి 'అల్పజీవి'. నాకైతే అన్నిట్లోకీ ఇదే నచ్చింది. ఇంట్లోనూ భయం, ఆఫీసులోనూ భయం, ఆ సుబ్బయ్య గుమాస్తా బుర్రలో తిరిగే మాటలు చదువుతుంటే ఒకపక్క నవ్వొస్తుంది, ఇంకోపక్క మన గురించే రాశాడేమో అని టెన్షన్. 'చివరకు మిగిలేది' వచనం అద్భుతం, కాకపోతే దయానిధి తనను తాను తవ్వుకోవడం మధ్యలో కాస్త సాగింది (బుచ్చిబాబు అభిమానులు తిట్టకండి). నవీన్ 'అంపశయ్య', 1969లో వచ్చింది, ఉస్మానియాలో చదువుకునే రవి జీవితంలో ఒకే ఒక్క రోజు, అంతే కథ. అయినా ఎక్కడా బోర్ కొట్టలేదు.

నాలుగూ అయ్యాక తట్టింది, అన్నిట్లోనూ మగవాడి మనసే. ఆడవాళ్లు కనిపిస్తారు గానీ వాళ్ల లోపల ఏం నడుస్తోందో మనకు తెలిసేది తక్కువ.

అందుకే అడుగుతున్నా, ఇలాగే ఆలోచనల వెంట నడిచే నవల, ఒక స్త్రీ తలలోంచి చెప్పింది, వీలైతే రచయిత్రే రాసింది, ఏది ముందు చదవమంటారు? సంఘటనలు పెద్దగా లేకపోయినా పర్లేదు. ప్రేమకథలు, సీరియల్ మార్కు మలుపులు మాత్రం వద్దండీ. ప్రింటులో దొరికేదైతే ఇంకా మంచిది.