కలర్ బ్లైండ్‌నెస్ ఉంటే దూరం అంచనా కూడా తప్పుతుందా?

బౌండరీ_లైన్ (ప్రశ్న)

మా తమ్ముడికి 19 ఏళ్లు. రెడ్-గ్రీన్ లోపం, అందులో ప్రోటాన్ రకం అని పరీక్షలో తేలింది. చూపు రెండు కళ్లకీ 6/6. క్రికెట్‌లో తేలికైన క్యాచ్‌లు వదిలేస్తాడు. రెడ్ ఆక్సైడ్ మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర తడబడతాడు. రంగు తెలియకపోవడం వల్లే దూరం కూడా తెలియట్లేదా? ఒక కంటికి ఎర్ర కాంటాక్ట్ లెన్స్ పెడితే రెండూ సర్దుకుంటాయని ఒకరు చెప్పారు, పెట్టించవచ్చా? అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి అప్లై చేద్దామనుకుంటున్నాడు.

కంటిపాప

రెండూ వేర్వేరు పనులండీ. రంగు తెలిసేది రెటీనాలోని మూడు రకాల కోన్ కణాల వల్ల. ప్రోటాన్ లోపంలో పొడవు తరంగాలను పట్టే కోన్లు ఉండవు, లేదా తేడాగా పనిచేస్తాయి. లోతు తెలిసేది రెండు కళ్ల మధ్య ఉన్న సుమారు 6.3 సెం.మీ. ఎడం వల్ల. ఒకే వస్తువు రెండు కళ్లకీ కాస్త పక్కకి జరిగి కనిపిస్తుంది, ఆ తేడాని మెదడు దూరంగా మారుస్తుంది. ఈ లెక్కకి కావాల్సింది ముఖ్యంగా వెలుగు-చీకటి అంచులు. రంగు పాత్ర చాలా తక్కువ. అందుకే రంగు లోపం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి లోతు మామూలుగానే తెలుస్తుంది. (కోన్లు అసలే పనిచేయని పూర్తి వర్ణాంధత్వం వేరే కథ. అందులో చూపే మందగిస్తుంది, వెలుతురు భరించలేరు.)

మరి క్యాచ్‌లెందుకు పోతున్నాయంటే, ప్రోటాన్ కంటికి ఎరుపు నల్లబడి కనిపిస్తుంది. పచ్చటి చెట్ల ముందు ఎర్ర బంతి కాసేపు మాయమైపోతుంది. బంతి ఎంత దూరంలో ఉందో తెలియకపోవడం కాదు, ఉన్నట్టే ఆలస్యంగా తెలుస్తోంది. మెట్ల దగ్గరా అంతే. ఎర్ర మెట్టుకి ఆకుపచ్చ బోర్డర్ ఉంటే మనకి అంచు కొట్టొచ్చినట్టుంటుంది, అతనికి రెండూ ఒకే మట్టిరంగు.

తేల్చుకోవడం సులువు. అదే చోట, అదే వెలుతురులో ఎర్ర బంతితో 20, పసుప్పచ్చ టెన్నిస్ బంతితో 20 క్యాచ్‌లు ఇవ్వండి. పసుపు బంతి బాగా పట్టి ఎర్రది వదిలేస్తే రంగు సమస్య. రెండూ ఒకేలా వదిలేస్తే లోతు సంగతి చూపించుకోవాలి. మెట్లకైతే ప్రతి మెట్టు అంచు మీద 5 సెం.మీ. లేత పసుపు లేదా తెలుపు పట్టీ వేయించండి. ఆకుపచ్చా నారింజా వద్దు.

స్టీరియో_40

పై జవాబుకి కొనసాగింపు. 6/6 చూపు ఉన్నంత మాత్రాన లోతు బాగున్నట్టు కాదు. చిన్న మెల్ల ఉంటే ఒక్కో కన్ను విడిగా 6/6 చదివినా రెండూ కలిసి పనిచేయకపోవచ్చు. ఆప్టోమెట్రిస్ట్ దగ్గర టిట్మస్ ఫ్లై లేదా రాండాట్ అడగండి, రెండూ లోతు ఎంత తెలుస్తోందో చూసే పరీక్షలు. పోలరాయిడ్ కళ్లద్దాలతో 40 సెం.మీ. దూరంలో చూపిస్తారు. టిట్మస్ వలయాల్లో చివరిది 40 ఆర్క్ సెకన్లు (కోణాన్ని కొలిచే చిన్న ప్రమాణం, అంకె తగ్గేకొద్దీ లోతు అంత సూక్ష్మంగా తెలిసినట్టు), అక్కడిదాకా వస్తే దిగుల్లేదు. టీఎన్ఓ అనే ఇంకో లోతు పరీక్షలో ఎరుపు-ఆకుపచ్చ అద్దాలుంటాయి. ప్రోటాన్లకి ఎర్ర అద్దం వైపు మసక పడుతుంది కాబట్టి పోలరాయిడ్ రకమే నయం. వర్త్ నాలుగు చుక్కల పరీక్షలో (ఎరుపు-ఆకుపచ్చ అద్దాలతో రంగు చుక్కలు చూపించి రెండు కళ్లూ కలిసి చూస్తున్నాయో లేదో తేల్చేది) కూడా చుక్కల రంగులు చెప్పమంటే తికమక పడతాడు. ఎన్ని చుక్కలో అడిగితే చాలు: నాలుగైతే సరే, ఐదైతే ఒకటి రెండుగా కనిపిస్తున్నట్టు.

ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. మీటరు దారానికి చిన్న బరువు కట్టి, ఎవరైనా పట్టుకుని ఎడమ-కుడిగా అటూ ఇటూ 30 సెం.మీ. ఊపాలి. అతను 2 మీటర్ల దూరంలో నిలబడి, ముదురు కూలింగ్ గ్లాస్ ఒక్కటి కుడి కంటికి అడ్డం పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి చూడాలి. నేరుగా ఊగే బరువు కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతున్నట్టుంటుంది. ఎడమ నుంచి కుడికి వెళ్లేటప్పుడు దగ్గరగా, తిరిగి వచ్చేటప్పుడు దూరంగా. అలా కనిపిస్తే రెండు కళ్ల లోతు పనిచేస్తున్నట్టే. అద్దం లేకుండానే గుండ్రంగా కనిపిస్తే మాత్రం కంటి డాక్టరుకి చూపించండి, ఒక కంటి సంకేతం ఆలస్యమవుతోందని అర్థం.

ఇది పుల్‌ఫ్రిచ్ ఎఫెక్ట్. కార్ల్ పుల్‌ఫ్రిచ్ 1922లో వివరించాడు. తమాషా ఏంటంటే ఆయనకి ఒక కన్ను కనిపించదు, అంటే తన పేరు పెట్టిన దృశ్యాన్ని తనే చూడలేడు.

ఎర్ర లెన్స్ ప్రశ్నకి జవాబు కూడా ఇదే. ఒక కంటికే లెన్స్ పెడితే ఆ కంటికి వెలుతురు తగ్గుతుంది, సంకేతం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 10 మిల్లీసెకన్లు అనుకోండి. సెకనుకి 1 మీటరు వేగంతో అడ్డంగా పోయే వస్తువు ఆ కంటికి 1 సెం.మీ. వెనక కనిపిస్తుంది. అది 2 మీటర్ల దూరంలో ఉంటే, ఒక వైపు వెళ్లేటప్పుడు సుమారు 38 సెం.మీ. దూరంగా, ఇంకో వైపు వెళ్లేటప్పుడు 27 సెం.మీ. దగ్గరగా అనిపిస్తుంది. లోతు బాగున్నవాడికి మనమే లోపం తెచ్చిపెట్టినట్టు! ఆ లెన్స్‌తో రంగు కూడా తెలియదు, రెండు కళ్ల మధ్య వచ్చే మెరుపు తేడాని బట్టి ఇది ఎరుపు అయ్యుండాలని ఊహించడం మాత్రమే. బండి నడిపేటప్పుడు అస్సలు వద్దు.

బౌండరీ_లైన్

థాంక్సండీ. అయితే ఎర్ర లెన్స్ మాట వదిలేస్తాం. బండి అన్నారు కాబట్టి, లైసెన్స్ వస్తుందా?

సిగ్నల్_పోస్ట్

వస్తుంది. 2020లో మోటారు వాహనాల నిబంధనలు మార్చి స్వల్ప, మధ్యస్థ స్థాయి లోపం ఉన్నవాళ్లకి వీలు కల్పించారు. తీవ్రమైన లోపానికి ఆ వీలు లేదు కాబట్టి అతనిది ఏ స్థాయో ముందు తేల్చుకోండి. ప్రోటాన్ కాబట్టి ఒక జాగ్రత్త: ముందు బండి బ్రేక్ లైటు మసగ్గా కనిపిస్తుంది, ఆలస్యంగా పట్టుకుంటాడు. రాత్రిపూట ఎడం ఎక్కువ ఉంచమనండి.

ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. రైల్వే వైద్య పరీక్షల్లో అది ఎ-1 కేటగిరీ: కళ్లద్దాలు లేకుండా 6/6, రంగు, రెండు కళ్ల చూపు (రెండూ కలిసి పనిచేయడం), రాత్రి చూపు అన్నీ పాసవ్వాలి. ఇషిహారాతో (రంగు చుక్కల్లో దాగిన అంకెలు చదివే ప్లేట్ల పుస్తకం) పాటు లాంతరు పరీక్ష (చిన్న రంగు దీపాలు చూసి రంగు చెప్పడం) కూడా ఉంటుంది. ప్లేట్లు బట్టీపట్టి ఒకటి దాటినా చీకట్లో లాంతరు దగ్గర దొరికిపోతారు.

మీ మొదటి ప్రశ్నకి రైల్వే పట్టికే సాక్ష్యం చెబుతుంది చూడండి. బి-1కి రంగూ కావాలి, రెండు కళ్ల చూపూ కావాలి. బి-2లో రెండు కళ్ల చూపు అడుగుతారు, రంగు అడగరు. సి-1, సి-2లలోనూ రంగు పరీక్ష లేదు. నోటిఫికేషన్‌లో పోస్టు పేరు పక్కన కేటగిరీ కాలమ్ ఉంటుంది. ఫీజు కట్టే ముందు అది చూసి బి-2, సి-1, సి-2 ఉన్నవే టిక్ పెట్టమనండి.

కంటిపాప

ఇంకొకటి. "ప్రోటాన్ అని తేలింది" అన్నారు, ఫోన్‌లో చూసినదైతే లెక్కలోకి తీసుకోకండి. స్క్రీన్ రంగు మారితే ఫలితమూ మారుతుంది. అసలు ఇషిహారా పుస్తకం, పగటి వెలుతురు, 75 సెం.మీ. దూరం, ఒక్కో ప్లేటుకి 3 సెకన్లు. 38 ప్లేట్ల పుస్తకంలో మొదటి 21లో 17 లేదా ఎక్కువ సరిగ్గా చదివితే మామూలు, 13 లేదా తక్కువైతే లోపం. మొదటి ప్లేటు 12 అందరికీ కనిపిస్తుంది. అది కూడా చదవలేదంటే రంగు సంగతి తర్వాత, ముందు చూపు పరీక్ష మళ్లీ చేయించండి.