సర్వర్ల పనితీరు వివరాలు వాటంతట అవే నమోదై నివేదికగా రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న

మా విభాగంలో కొన్ని లినక్స్ సర్వర్లు ఉన్నాయి. రోజూ ఉదయం ఒకరు ఒక్కొక్క సర్వర్‌లోకి లాగిన్ అయి, టాప్ కమాండ్‌లో కనిపించిన అంకెలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం ఇప్పటివరకు నడుస్తున్న పద్ధతి. అయితే వాడేవారు ఫిర్యాదు చేసే నెమ్మదితనం ఎక్కువగా అర్ధరాత్రి దాటాక వస్తోంది. తెల్లవారి చూసేసరికి అంతా మామూలుగానే ఉంటుంది. ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వివరాలు మనిషి ప్రమేయం లేకుండా నమోదై, వారానికొక నివేదికగా అందాలంటే దేనితో మొదలుపెట్టాలి? ఈ సేకరణే సర్వర్‌కు భారమవుతుందా అన్నది నా రెండో సందేహం. పెద్ద పర్యవేక్షణ వ్యవస్థ పెట్టుకోవడానికి మాకు ఇప్పట్లో అనుమతి రాదు.

జవాబు 1

మీ అవసరానికి, సర్వర్ పనితీరు లెక్కలను నమోదు చేసే సిస్‌స్టాట్ ప్యాకేజీ చాలు. అందులోని సేకరణ ప్రోగ్రామ్, కెర్నల్ (లినక్స్ మూలభాగం) ఎలాగూ లెక్కపెట్టుకుంటూ ఉండే అంకెలను చదివి, రోజుకొక ఫైల్‌లో దాచి ముగిసిపోతుంది కాబట్టి భారం గురించి బెంగ అక్కరలేదు. మామూలుగా ఇది 10 నిమిషాలకొకసారి, అంటే రోజుకు 144 సార్లు నడుస్తుంది. డెబియన్ అనే లినక్స్ రకంలో ప్యాకేజీ పెట్టినంత మాత్రాన సేకరణ మొదలుకాకపోవచ్చు. సెట్టింగుల ఫైల్‌లో 'ఎనేబుల్డ్' అన్న చోట 'ట్రూ' అని ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత, నమోదైన లెక్కలను చూపే సార్ కమాండ్‌కు ఆ రోజు ఫైల్‌నూ, మొదలు, ముగింపు సమయాలనూ ఇస్తే రాత్రి 2 నుంచి 3 గంటల మధ్య ఏం జరిగిందో ఉదయం తాపీగా చదువుకోవచ్చు. నివేదిక కోసం సాడ్ఎఫ్ కమాండ్ అదే సమాచారాన్ని జేసన్‌గానో (ఇతర ప్రోగ్రామ్‌లు సులువుగా చదవగల పాఠ్య రూపం), స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే వరుసలుగానో, ఎస్‌వీజీ గ్రాఫులుగానో ఇస్తుంది.

జవాబు 2

పై సలహా సరైనదే కానీ, 10 నిమిషాల విరామాన్ని అలాగే వదిలేస్తే మీ సమస్య దొరకకపోవచ్చు. సార్ చూపే ప్రాసెసర్ శాతం ఆ క్షణపు విలువ కాదు, రెండు నమోదుల మధ్య కాలానికి సగటు. ఒక నిమిషం పాటు ప్రాసెసర్ 100 శాతం నిండి, మిగిలిన తొమ్మిది నిమిషాలు 22 శాతం దగ్గర ఉన్నా నివేదికలో పడేది దాదాపు 30 శాతమే. దాన్ని చూసి ఎవరికీ అనుమానం రాదు. కనుక విరామాన్ని ఒక నిమిషానికి తగ్గించండి. ఈ సేకరణను నిర్ణీత వేళల్లో నడిపే సిస్టమ్‌డీ టైమర్‌ను మార్చేటప్పుడు పాత సమయాన్ని రద్దు చేసే ఖాళీ వరుస ముందు రాసి, కొత్తది దాని కింద రాయాలి. లేకపోతే పాతదీ కొత్తదీ రెండూ అమల్లో ఉంటాయి.

లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వంతు కోసం ఆగి ఉన్న పనుల సగటు సంఖ్య) పెరిగిందంటే ప్రాసెసర్ చాలడం లేదని అనుకోవద్దు. లినక్స్‌లో ఆ లెక్కలోకి డిస్క్ కోసం ఆగి ఉన్న పనులు కూడా వస్తాయి. అలాగే ఫ్రీ మెమరీ తగ్గిందని నివేదికలో ఎర్రరంగు వేయడం అనవసరం, ఎందుకంటే ఖాళీగా ఉన్న మెమరీని కెర్నల్ ఫైళ్ల కాష్‌కు వాడుకుంటుంది. చూడవలసింది అవైలబుల్ మెమరీ, అంటే అవసరమైతే ప్రోగ్రామ్‌లకు దొరకగల మెమరీ.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. టైమర్ సంగతి నాకు తెలియదు. మరి అన్ని సర్వర్ల ఫైళ్లనూ ఒక చోటికి కాపీ చేసి, అక్కడే నివేదిక తయారు చేయవచ్చా? నెమ్మదించినప్పుడు ఏ ప్రోగ్రామ్ కారణమో కూడా ఈ ఫైళ్లలో ఉంటుందా?

జవాబు 3

కాపీ చేయవచ్చు కానీ, ఆ ఫైళ్ల ఫార్మాట్ సిస్‌స్టాట్ వెర్షన్‌ను బట్టి మారుతుంది. ఒక సర్వర్‌లో రాసిన ఫైల్‌ను మరో వెర్షన్ చదవనని మొరాయించవచ్చు గనుక, ఎక్కడిదక్కడే జేసన్‌గా మార్చి పంపించడం మేలు. సర్వర్లన్నిటి గడియారాలు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిచేసే పద్ధతి) కలిసి ఉండాలి. లేకపోతే రెండు సర్వర్ల గ్రాఫులను పక్కపక్కన పెట్టి ఏది ముందు నెమ్మదించిందో తేల్చలేరు. సమాచారం అందని నిమిషాలను సున్నాగా వేయకుండా ఖాళీగానే చూపించండి, ఎందుకంటే సర్వర్ ఊపిరాడనంత రద్దీలో ఉన్నప్పుడే నమోదు తప్పిపోయే అవకాశం ఎక్కువ. వారపు సగటు కంటే, ఈ వారం రాత్రి 2 గంటల అంకెను గత వారం అదే వేళతో పోల్చి చూపే పట్టిక మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక ప్రోగ్రామ్ పేరు విషయం. సార్ ఫైళ్లు మొత్తం సర్వర్ లెక్కలే దాస్తాయి, ప్రోగ్రామ్ వారీ లెక్కలు వాటిలో ఉండవు. దానికి, ప్రోగ్రామ్ వారీ లెక్కలను కూడా నమోదు చేసే ఎటాప్‌ను విడిగా పెట్టుకోండి. దాని నమోదు విరామం కూడా మామూలుగా 600 సెకన్లే ఉంటుంది, దాన్నీ తగ్గించుకోవాలి. ఒక్కో ప్రోగ్రామ్ వివరాలూ రాస్తుంది కాబట్టి ఫైళ్లు సార్ వాటికన్నా బాగా పెద్దవవుతాయి. అందువల్ల ఎటాప్ ఫైళ్లను కొద్ది రోజులే ఉంచి, సార్ ఫైళ్లను నెలల తరబడి దాచుకోండి.